వాన వెలిసాక నత్త, గట్టు మీద తంగేడు: శాస్త్రీయ నామం తేల్చుకోవడం ఎలా

తిరుపతిలో అక్టోబరు, నవంబరు వానలు పట్టుకున్నాయంటే పెరటి గోడల మీద, పూలకుండీల అడుగున, కాలువ గట్ల మీద ఎక్కడ చూసినా నత్తలే. చంద్రగిరి దారిలో, కరకంబాడి వైపు బీళ్లలో తంగేడు కూడా పచ్చగా పూసి ఉంటుంది. వీటికి శాస్త్రీయ నామం కనుక్కోవాలని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. డిగ్రీ ప్రాజెక్టు చేసే పిల్లలు, స్కూల్ టీచర్లు, ఊరికే ఇష్టంతో ఫోటోలు తీసుకునేవాళ్లు, అందరూ అడుగుతున్నారు, నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ ఎక్కువమంది చేసేది ఒకటే, ఫోటో తీయడం, యాప్‌లో పెట్టడం, అది చూపించిన మొదటి పేరు రాసేసుకోవడం.

నేనూ మొదట్లో అలాగే చేశాను. మా ఇంటి మల్లె కుండీలో దొరికిన సన్నటి, సూదిలాంటి ఒక నత్తకి యాప్ చెప్పిన పేరు నోట్‌బుక్‌లో రాసి, గుల్ల పారేశాను. ఆ పోలికతో మన కుండీల్లో కనీసం రెండు జాతులు ఉంటాయని, వాటిని విడదీయాలంటే గుల్ల నోటి లోపల చూడాలని తర్వాత తెలిసింది. చూద్దామంటే గుల్ల లేదు, ఉన్న ఒక్క ఫోటో వెనక వైపు నుంచి తీసింది. ఆ ఎంట్రీ కొట్టేయాల్సి వచ్చింది. కింద రాసేదంతా ఆ తప్పు మీరు చేయకుండా ఉండాలని.

ముందు పేరు వెతక్కండి, చూసింది రాయండి

నోట్‌బుక్ తీసి తేదీ, టైము, చోటు, అది దేని మీద ఉంది, పక్కన ఏముంది అన్నవి రాయండి. పెన్సిల్‌తో రాస్తే మంచిది, వానలో ఇంకు పెన్ను రాత చెరిగిపోతుంది. ఫోన్ మ్యాప్‌లో కనిపించే అక్షాంశ రేఖాంశాలు కూడా తప్పకుండా రాసుకోండి. ఎందుకంటే మన దగ్గర ఊరి పేరు మారకపోయినా జిల్లా పేరు మారుతూ వచ్చింది. 1911కి ముందు తిరుపతిలో సేకరించిన మొక్క చీటీ మీద ఉత్తర ఆర్కాటు అని ఉంటుంది, ఆ తర్వాత చిత్తూరు జిల్లా అని, 2022 ఏప్రిల్ 4 తర్వాత తిరుపతి జిల్లా అని ఉంటుంది. మూడూ ఒకే కొండ పాదం కావచ్చు. ఇప్పుడు మీరు చంద్రగిరి నుంచి తెచ్చి ‘చిత్తూరు’ అని మాత్రం రాస్తే, ఇరవై ఏళ్ల తర్వాత చదివేవాళ్లు వేరే జిల్లాలో వెతుకుతారు.

ఇంట్లో వాళ్లు చెప్పే పేరు కూడా రాయండి. మా అవ్వ చెప్పిన మొక్కల పేర్లు నాకు పుస్తకాల్లో దొరకలేదు, రాసుకున్నాను కాబట్టి మిగిలాయి. అయితే ఊరి పేరు ఒక్కదాన్నే నమ్ముకుని శాస్త్రీయ నామం వెతక్కూడదు. బ్రహ్మదండి అనే మాటే తీసుకోండి. కొందరికి అది పసుపుపచ్చ పూలు, పసుపుపచ్చ పాలు, ముళ్ల ఆకులు ఉండే ఆర్జిమోన్ మెక్సికానా, గసగసాల కుటుంబం, పేరులోనే ఉన్నట్టు అమెరికా వైపు నుంచి వచ్చింది. ఇంకొందరికి అదే మాట ముళ్ల బంతిలాంటి పూగుత్తి ఉండే ఎకినాప్స్ ఎకినేటస్, అది పొద్దుతిరుగుడు కుటుంబం. ఈ రెండింటికీ చుట్టరికమే లేదు. పైగా ఆర్జిమోన్ గింజలు ఆవనూనెలో కలిస్తే కాళ్లు వాచే డ్రాప్సీ జబ్బు వస్తుంది. మందు కోసం పీక్కొచ్చేవాళ్ల చేతికి ఒకటి బదులు ఇంకొకటి వస్తే ఏమవుతుందో ఆలోచించండి.

నత్తని ఎలా చూడాలి

చేతులకి ప్లాస్టిక్ కవరో గ్లవుజో వేసుకోండి, అయిపోయాక సబ్బుతో కడుక్కోండి. ఇది మాటవరసకి చెప్పడం లేదు. ఎలుకల ఊపిరితిత్తుల్లో ఉండే ఒక నులిపురుగు నత్తల్లో పెరుగుతుంది, అది మనిషి ఒంట్లోకి పోతే మెదడు పొరలు వాస్తాయి. పిల్లలతో వెళ్తే ముందుగా ఈ సంగతే చెప్పండి.

మొదట తల చూడాలి. నాలుగు కొమ్ములుండి, పై రెండింటి చివర నల్లటి చుక్కల్లా కళ్లుంటే అది ఊపిరితిత్తితో గాలి పీల్చే పెద్ద గుంపులోది. మన ఇళ్ల దగ్గర కనిపించేవి దాదాపు ఇవే. కొమ్ములు రెండే ఉండి, కళ్లు వాటి మొదట్లో ఉంటే, లోపలికి ముడుచుకున్నాక నోటికి గట్టి మూత పడితే, అది సైక్లోఫోరిడే లాంటి మూత ఉన్న నత్తల కుటుంబాల్లోది. ఈ ఒక్క పరిశీలనతో సగం దారి నడిచేసినట్టే. యాప్‌కి ఇది సాధారణంగా తెలియదు, మీరు గుల్ల ఫోటో పెట్టారు కానీ కొమ్ముల ఫోటో పెట్టలేదు.

తర్వాత గుల్ల. మొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోరు కుడి చేతి వైపుంటే కుడిచుట్టు, ఎడమ వైపుంటే ఎడమచుట్టు. ఎక్కువ నత్తలు కుడిచుట్టువే. తిరుపతి అంగళ్లలో దక్షిణావర్త శంఖం, వలంపురి అని అమ్మేది ఈ లెక్కన ఎడమచుట్టు. శంఖం పట్టుకునేటప్పుడు మనం తోక కొస పైకి పెట్టి చూస్తాం, శాస్త్రంలో మొన పైకి పెట్టి చూస్తారు. పేరు తప్పని కాదు, చూసే దిక్కు వేరు. అందుకే ఎలా పట్టుకుని చూశారో కూడా నోట్‌బుక్‌లో ఒక ముక్క రాయాలి.

కింది వైపు తిప్పితే నడుమ బొడ్డులా గుంట ఉందా, మూసుకుపోయిందా? నోటి అంచు పల్చగా, పదునుగా ఉందా, మందంగా వెనక్కి మడుచుకుందా? నోటి లోపల నిలువు కంబం కింది కొస దగ్గర మామూలుగా కలిసిపోయిందా, కత్తితో తెగ్గోసినట్టు ఆగిపోయిందా? ఈ మూడు ప్రశ్నలకి జవాబు లేని నత్త ఎంట్రీని నేను పూర్తి ఎంట్రీగా లెక్కపెట్టను. ఫోటోలు మూడు తీయండి, నోరు కనిపించేలా ముందు నుంచి ఒకటి, మొన పైనుంచి ఒకటి, బొడ్డు కనిపించేలా కింది నుంచి ఒకటి. పక్కన స్కేలు పెట్టండి.

ఆ మల్లె కుండీ నత్త సంగతి ఇక్కడే తేలేది. అల్లోపియాస్ గ్రాసిలేకి ఆ కంబం మామూలుగా ఉంటుంది, సుబ్యులినా ఆక్టోనాకి తెగ్గోసినట్టు ఉంటుంది. సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు పొడవుండే గుల్లలో ఆ చిన్న తేడా చూడటానికి పది రూపాయల భూతద్దం చాలు.

బొప్పాయి చెట్లని రాత్రికి రాత్రి బోసి చేసేది మాత్రం తేలిగ్గా దొరికిపోతుంది. గుల్ల కోలగా, గోధుమ రంగు నిలువు చారలతో ఉంటుంది, పెద్దదైతే ఏడు నుంచి తొమ్మిది చుట్లు, నోటిలో కంబం తెగ్గోసినట్టు ఆగుతుంది, బొడ్డు ఉండదు. అదే ఆఫ్రికా పెద్ద నత్త, లిస్సకాటినా ఫ్యూలికా. తూర్పు ఆఫ్రికా దాని సొంత చోటు, 1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాలో ఒక తోటలో వదిలాడు. ఈ బెన్సన్ మన దేశపు నత్తలకి ఎన్నో పేర్లు పెట్టిన మనిషే. నత్తల గురించి అంత తెలిసిన మనిషి చేసిన పని ఇప్పుడు మన బొప్పాయి తోటల దాకా వచ్చింది. దయచేసి దీన్ని ఒక చోట పట్టుకుని ఇంకో చోట వదలకండి, ఫోటో కోసం కూడా వద్దు.

మొక్కని ఎలా చూడాలి

పూల మొక్కకి పూలు, కాయలు రెండూ ఉన్నప్పుడు వెళ్లండి. ఆకు ఒక్కటే చూసి పేరు చెప్పేవాళ్లని చూసి మోసపోకండి, వాళ్లకి ముప్పై ఏళ్ల అలవాటు ఉంటుంది, మనకి ఉండదు.

తంగేడు కొమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని చూద్దాం. ఒక ఈనెకి రెండు వైపులా జంటలు జంటలుగా చిన్నాకులు, కొసన ఒంటి ఆకు ఉండదు, కాబట్టి జంటలు సరిసమానం. ఇప్పుడు ఆ ఆకు కాండాన్ని అంటుకునే చోట చూడండి. అక్కడ మనిషి చెవి తమ్మెలా గుండ్రంగా, వెడల్పుగా ఒక పచ్చటి రేకు ఉంటుంది. చాలామంది దాన్ని ఇంకో చిన్నాకు అనుకుని వదిలేస్తారు. మొక్క పేరే దాని నుంచి వచ్చింది, ఆరిక్యులేటా అంటే చెవులున్నది అని. పూవు విప్పితే ఐదు పసుపుపచ్చ రేకులు, పది కేసరాలు. పదీ ఒకేలా ఉండవు, పైనున్న మూడు గొడ్డువి, పుప్పొడి ఉండదు. కాయ పల్చగా, బద్దలా ఉంటుంది.

దీని పక్కనే రేల పెట్టి చూస్తే పోలిక ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. రేల పూలు గుత్తులుగా వేలాడతాయి, కాయ నల్లటి రూళ్లకర్రలా గుండ్రంగా పొడుగ్గా ఉంటుంది, కేసరాల్లో మూడు పొడవుగా వంకర తిరిగి ఉంటాయి. ఒకప్పుడు రెండూ కేసియా ప్రజాతిలోనే (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) ఉండేవి. ఆ వంకర కేసరాల లాంటి తేడాలు లెక్కలోకి తీసుకుని 1982లో ఇర్విన్, బార్నెబీ అనే ఇద్దరు పాత కేసియాని మూడు ముక్కలు చేశారు, రేల కేసియాలో ఉండిపోయింది, తంగేడు సెన్నాకి పోయింది.

పై నుంచి కిందికి రండి

నేరుగా జాతి పేరు పట్టుకోవాలనే తొందర అందరికీ ఉంటుంది. ముందు కుటుంబం తేల్చండి. పేరు కొస చూస్తే ఏ వైపుదో తెలిసిపోతుంది, మొక్కల కుటుంబాలు ఏసి అని ముగుస్తాయి, ఫాబేసి, మాల్వేసి, సొలనేసి. జంతువుల కుటుంబాలు ఇడే అని ముగుస్తాయి, అకాటినిడే, ఏరియోఫాంటిడే.

ఇంటర్ పుస్తకాల్లో చదువుకున్న బెంథామ్, హుకర్ వర్గీకరణ 1862 నుంచి 1883 మధ్య వచ్చింది, పూవు, మొక్క రూపాన్ని చూసి చేసింది. ఇప్పుడు ఎక్కువమంది వాడేది డీఎన్ఏ చుట్టరికం చూసి చేసిన ఏపీజీ పద్ధతి, మొదటిది 1998లో, నాలుగోది 2016లో వచ్చింది, దాంట్లో 416 కుటుంబాలున్నాయి. పాత పుస్తకంలో తంగేడు సిసాల్పినియేసి అని కనిపిస్తే కంగారు పడకండి, ఇప్పుడది ఫాబేసిలో ఒక ఉపకుటుంబం. మీ ఎంట్రీలో ఏ పద్ధతి వాడారో ఒక్క మాట రాస్తే చాలు.

ఇక్కడ మన కొండల్లో ఒక ఉచ్చు ఉంది. శేషాచలంలో మాత్రమే సహజంగా పెరిగే సైకస్ బెడ్డోమీని చాలామంది పూల మొక్కల జాబితాలో రాసేస్తారు. అది పూల మొక్క కాదు. పువ్వూ ఉండదు, కాయా ఉండదు, విత్తనం బయటే ఉంటుంది. ఆ పేరులోని బెడ్డోమ్ మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి, దక్షిణ భారతంలో మొక్కలతో పాటు నేల నత్తలనీ సేకరించాడు, 1875లో మూత ఉన్న నత్తలకి చాలా పేర్లు ఆయనే పెట్టాడు. మొక్కలు, నత్తలు ఒకే నోట్‌బుక్‌లో రాసుకోవడం నా ఒక్కడి అలవాటు కాదని ఆయన గురించి చదివినప్పుడు తెలిసింది.

పేరు చదవడం నేర్చుకోండి

పేరులో రెండు మాటలు, మొదటిది ప్రజాతి, రెండోది జాతిని చెప్పేది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు మొదటి మాటకే పెద్ద అక్షరం, రెండూ వాలు అక్షరాల్లో ఉండాలి, చేత్తో రాస్తే రెండింటి కిందా విడివిడిగా గీత గీయాలి. మనిషి పేరు పెడితే రెండో మాట ఈ లేదా ఐ చప్పుడుతో ముగుస్తుంది, బెడ్డోమీ. చోటు పేరు అయితే ఎన్సిస్. మన కొండ మీది అడవి కొత్తిమీర పింపినెల్లా తిరుపతియెన్సిస్, ఊరి పేరే మొక్క పేరు. తెలుగు మాట నేరుగా ప్రజాతి పేరైన సందర్భం కూడా ఉంది, సోమిద చెట్టు సొయ్మిడా ఫెబ్రిఫ్యూగా అయింది.

పేరు వెనక వచ్చే మనుషుల పేర్లు అలంకారం కాదు. తంగేడు పూర్తి పేరు సెన్నా ఆరిక్యులేటా (లిన్నేయస్) రాక్స్‌బర్గ్. బ్రాకెట్లో ఉన్న లిన్నేయస్, రెండు మాటల పేర్ల పద్ధతిని స్థిరపరిచిన స్వీడన్ శాస్త్రవేత్త, 1753లో దీనికి కేసియా ఆరిక్యులేటా అని మొదట పేరు పెట్టాడు. బ్రాకెట్ బయట ఉన్న రాక్స్‌బర్గ్ దాన్ని సెన్నాలోకి మార్చాడు, ఆయన 1815లో చనిపోయాడు, ఆ పేరు అచ్చయింది 1832లో. చాలాకాలం అందరూ కేసియా అనే రాసినా, 1982లో విడదీశాక ఈ పాత పేరే చెల్లింది. మన శేషాచలం మొగి చెట్టు కూడా అంతే, సిజీజియం ఆల్టర్నిఫోలియం (వైట్) వాల్పర్స్. వైట్ యుజీనియా అన్నాడు, వాల్పర్స్ నేరేడు ఉన్న ప్రజాతిలోకి తెచ్చాడు.

నత్తలకి పద్ధతి కొంచెం వేరు. లిస్సకాటినా ఫ్యూలికా (బౌడిచ్, 1822). ఇక్కడ బ్రాకెట్ అంటే మొదట వేరే ప్రజాతిలో పేరు పెట్టారని, అది అకాటినా. తర్వాత మార్చింది ఎవరో జంతువుల పేర్లలో రాయరు, మొదటివాళ్ల పేరు, సంవత్సరం మాత్రమే రాస్తారు. కాబట్టి బ్రాకెట్ ఉందా లేదా అన్నది చాలా ముఖ్యం, ఎవరూ గమనించరులే అని తీసేయకండి. మొక్కల పేర్లకి 1753, జంతువుల పేర్లకి 1758 మొదలు, రెండూ లిన్నేయస్ పుస్తకాలే, కానీ ఇప్పుడు రెండింటి నియమావళి వేరు.

వేరు కాబట్టి ఒకే ప్రజాతి పేరు రెండు చోట్లా ఉండొచ్చు. మర్రి, రావి, మేడి ఉన్న ఫైకస్ అనే పేరుతోనే సముద్రంలో ఒక నత్త ప్రజాతి ఉంది, దాని గుల్ల అత్తిపండు ఆకారంలో ఉంటుంది. అందులో ఒకదాని పేరు ఫైకస్ ఫైకస్. జంతువుల్లో ఇలా రెండు సార్లూ ఒకే మాట వాడొచ్చు, మొక్కల్లో వాడకూడదు. అందుకే ఉత్త ‘ఫైకస్’ అని రాసి వదిలేయకుండా పక్కన కుటుంబం రాయండి.

ఇంకొకటి, ప్రజాతి మారితే రెండో మాట కొస కూడా మారవచ్చు. పైన చెప్పిన అల్లోపియాస్ గ్రాసిలేకి హటన్ 1834లో పెట్టిన పేరు బులిమస్ గ్రాసిలిస్. అల్లోపియాస్‌లోకి మారాక గ్రాసిలే అయింది. బులిమస్ లాటిన్‌లో పుంలింగం, అల్లోపియాస్ నపుంసక లింగం, మన తెలుగులో వాడు మంచివాడు, అది మంచిది అన్నట్టే. పాత పుస్తకంలో ఒకలా కొత్తదాంట్లో ఒకలా ఉంటే అచ్చుతప్పు అనుకోకండి.

ఇప్పుడు చెల్లే పేరు సరిచూడటం

ఇది తొందరగా అయ్యే పని. మొక్కలకి లండన్‌లోని క్యూ వృక్షోద్యానం వాళ్ల ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్, నత్తలకి మొలస్కాబేస్, రెండూ ఉచిత వెబ్‌సైట్లే. పాత పేరు కొడితే ఇప్పటి పేరు చూపిస్తాయి. స్థానికంగా పోల్చుకోవడానికి ఎస్వీ యూనివర్సిటీ బోటనీ విభాగం వాళ్లు 2008లో చిత్తూరు జిల్లా పూల మొక్కల మీద వేసిన పుస్తకం ఉంది, మన దగ్గర పని మొదలుపెట్టేవాళ్లకి దానికి మించింది లేదు.

ఆధారం ఎక్కడ ఆగితే పేరూ అక్కడే ఆగాలి

నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. తోటల్లో చపటగా, తేనె రంగులో, నడుమన గోధుమ రంగు పట్టీతో తిరిగే నత్త ఉంటుంది. తోక కొసన చిన్న కొమ్ములా ఉంటే అది ఏరియోఫాంటిడే కుటుంబం అని ధైర్యంగా అనొచ్చు, ఆకారం చూసి క్రిప్టోజోనా కావచ్చు అనొచ్చు. ఆ కుటుంబంలో జాతిని కచ్చితంగా చెప్పాలంటే చాలాసార్లు కోసి లోపలి పునరుత్పత్తి అవయవాలు చూడాలి. మీరు కోయలేదు, కోయక్కర్లేదు కూడా. అప్పుడు రాయాల్సింది ‘క్రిప్టోజోనా ఎస్‌పి.’ అని, అంటే ఈ ప్రజాతిలో ఏదో ఒక జాతి. పోలిక ఉంది కానీ నిశ్చయం లేదు అంటే రెండు మాటల మధ్య ‘సిఎఫ్.’ అని రాస్తారు. ఇలా రాస్తే మార్కులు తగ్గుతాయేమో అని పిల్లలు టెన్షన్ పడతారు. తగ్గవు, తగ్గించే వాళ్లుంటే వాళ్లకి మీ మూడు ఫోటోలు చూపించి అడగండి, ఏ లక్షణంతో జాతి చెప్పాలో చెప్పమని. తప్పు పేరు ఒకసారి జాబితాలోకి ఎక్కితే దాన్ని చూసి ఇంకొకరు రాస్తారు, వాళ్లని చూసి మరొకరు. ఖాళీ ఉంచిన చోటు ఎప్పుడైనా నింపొచ్చు.

దాచుకోవడం

మొక్క అయితే పూలు, కాయలు ఉన్న కొమ్మ న్యూస్‌పేపర్ల మధ్య పరిచి పైన బరువు పెట్టండి, మొదటి వారం రోజూ పేపర్లు మార్చాలి, వానాకాలంలో మార్చకపోతే రెండో రోజుకే బూజు పడుతుంది. ఆరాక సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 29 వెడల్పు ఉన్న మందపు షీటు మీద కుట్టి, కుడి వైపు కింది మూలన చీటీ అంటించండి. నత్త అయితే ఖాళీ గుల్లలే ఏరండి, కడిగి నీడలో ఆరబెట్టి అగ్గిపెట్టెలో చీటీతో పాటు వేయండి. బతికున్నదాన్ని చంపక్కర్లేదు.

శేషాచలం అడవిలో మాత్రం ఏమీ తీయకండి. 1989 నుంచి అది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం, 2010 నుంచి జీవావరణ పరిరక్షణ ప్రాంతం కూడా, అటవీ శాఖ అనుమతి లేకుండా ఆకు కోసినా నేరమే. అలిపిరి మెట్ల మీద, శ్రీవారి మెట్టు దారిలో కనిపించేవాటికి ఫోటో, నోట్సు చాలు. బీడు భూములు, మీ పెరడు, అడిగి ఒప్పించుకున్న రైతు తోట, మొదలుపెట్టడానికి ఇవి సరిపోతాయి.

చీటీ ఎలా ఉండాలో నా నోట్‌బుక్ నుంచి ఒకటి ఇస్తున్నాను, ఇలాగే రాయండి:

క్రిప్టోజోనా ఎస్‌పి. కుటుంబం ఏరియోఫాంటిడే. తిరుపతి జిల్లా, చంద్రగిరి, కోట వెనక మామిడి తోట గట్టు. వాన వెలిసిన మర్నాడు, ఉదయం 6.10. ఖాళీ గుల్ల, తంగేడు మొదట్లో. వెడల్పు 27 మి.మీ., కుడిచుట్టు, బొడ్డు సన్నగా తెరిచి ఉంది, నోటి అంచు పల్చన. రెండడుగుల దూరంలో అలాంటిదే ఒకటి బతికి ఉంది, కొమ్ములు నాలుగు, తోక కొసన కొమ్ము ఉంది, తీయలేదు. ఫోటోలు 3. జాతి తేలలేదు.